పచ్చలైటు పడింది... పసుపు లైటు వెలిగింది!

సిగ్నల్ దగ్గర కారు ఆగితే ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్టవుతుంది. పెట్రోలు ఆదా చేసే ఈ 'స్టార్ట్-స్టాప్' కార్లలో ఒక్కోసారి ఉన్నట్టుండి పసుపు లైటు వెలుగుతుంది. కంగారు పడకండి. చాలాసార్లు కారణం బ్యాటరీలో ఛార్జింగ్ తగ్గడమే. రోజూ స్కూలుకీ మార్కెట్‌కీ మాత్రమే తిరిగే కార్లలో ఇది మామూలే. కాస్త దూరం ఆపకుండా నడిపి చూడండి. అప్పటికీ పోకపోతే మెకానిక్‌కి చూపించాలి.

బ్యాటరీ మార్చాల్సివస్తే మాత్రం చవగ్గా వస్తోందని మామూలుది వేయించొద్దు. పదేపదే స్టార్టయ్యే ఇంజిన్‌కి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే తట్టుకుంటుంది. లేదంటే బ్యాటరీ త్వరగా పాడవుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

నడుస్తుండగా ఎర్రలైటు వెలిగితే మాత్రం వెంటనే పక్కకు ఆపాల్సిందే.

ఇంకోమాట... ఇంజిన్ చప్పుడు లేదు కదా అని పిల్లల్ని లోపలుంచి దిగిపోవద్దు. అది ఆగింది, ఆఫ్ కాలేదు!