వాకీటాకీ కొంటున్నారా? కిలోమీటర్లు కాదు, ఫ్రీక్వెన్సీ చూడండి

అరకు ఘాట్‌లో, నల్లమల అడవిలో ఫోన్ సిగ్నల్ పోయే చోట్లు చాలానే ఉన్నాయి. రెండు మూడు బైకుల మీద కలిసి వెళ్లే గ్యాంగ్‌కి అక్కడ వాకీటాకీ బాగా పనికొస్తుంది. కానీ చాలామంది బాక్స్ మీద ఉన్న కిలోమీటర్లు, వాట్లు చూసి కొనేస్తారు. నా లెక్కలో మొదట చూడాల్సింది ఫ్రీక్వెన్సీ.

మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది. సెట్‌కి ఈటీఏ అప్రూవల్ కూడా ఉండాలి. బావోఫెంగ్ యూవీ-5ఆర్ చవకే, ఫీచర్లూ ఎక్కువే. కానీ అది ఈ బ్యాండ్ దాటి చాలా దూరం ట్యూన్ అవుతుంది, లైసెన్స్ లేకుండా వాడే సెట్ కాదు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే ఎఫ్‌ఆర్‌ఎస్ సెట్లూ అంతే, అవి 462, 467 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన సరదా కబుర్లు ఇంకొకరి అత్యవసర ఛానల్‌లో పడితే ప్రమాదం వాళ్లకి. ఆన్‌లైన్ అమ్మకాలపై 2025లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది ఊరికే కాదు.

ఇక రేంజ్ అంటారా? యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు సూటిగా వెళ్తాయి. మధ్యలో కొండ అడ్డమొస్తే వాట్లు పెంచినా పెద్దగా లాభం ఉండదు. ఎత్తైన చోటికి ఎక్కి మాట్లాడితే ఉంటుంది.

అందుకే 446, ఈటీఏ ఈ రెండూ చూశాకే బ్యాటరీ, వాటర్‌ప్రూఫ్ సంగతి. ఈ వివరాలు లేని లిస్టింగ్ ఎంత ఆఫర్‌లో ఉన్నా వదిలేయండి.