సొల్యూషన్ అమ్మేవాణ్ణి వదిలి పిల్లల్ని తరుముతారా?

సికింద్రాబాద్, విజయవాడ స్టేషన్ల కాడ చిత్తుకాగితాలేరే పిల్లలు గుడ్డకి సొల్యూషన్ పూసి ముక్కుకి అదుముకోవడం చూడనివాళ్లెవరు? చూసి మొహం తిప్పుకుంటారు, దొంగలంటారు. వాళ్లు ఏ పేటల నుంచి వచ్చారో, ఏ కరువుకి బండెక్కారో అడగరు. మేం అడుగుతున్నాం.

అది పీలిస్తే ఆకలి తెలీదు, చలి తెలీదు, దెబ్బ తెలీదు. అందుకే పీలుస్తారు, కొవ్వెక్కి కాదు. పంక్చర్ సొల్యూషన్‌లో, థిన్నర్‌లో ఉండే టాలుయీన్ లాంటి రసాయనాలు క్షణాల్లో మెదడుకెక్కుతాయి. ఏళ్ల తరబడి పీలిస్తే జ్ఞాపకం పోతుంది, నడక తడబడుతుంది, చెవులు మొద్దుబారతాయి. ఒక్కోసారి మొదటిసారికే గుండె ఆగిపోతుంది. పోలీసులు వినాల్సిన మాట ఇక్కడుంది. ఆ మత్తులో ఉన్న పిల్లాణ్ణి తరిమినా, బెదరగొట్టినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. ఇది వైద్యశాస్త్రం చెప్పేదే. మరి లాఠీ పట్టుకుని ప్లాట్‌ఫారం పొడుగునా తరమడాన్ని ఏమనాలి?

చెప్పులు కుట్టే మన మాదిగ అన్నలకి ఈ వాసన కొత్త కాదు. గాలాడని గదుల్లో పొద్దస్తమానం అట్టలంటించే వాళ్ల తలనొప్పులూ తిమ్మిర్లూ ఎవరికి పట్టాయి? ఇప్పుడు పిల్లల వంతొచ్చింది.

కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో 10–17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం ఇలా పీలుస్తున్నారని తేలింది. పెద్దల్ని పిల్లలు మించిన మత్తు ఇదొక్కటే. సాయం కావాల్సిన పిల్లలు 4.6 లక్షలు! 2012లో సీసాల్లో అమ్మే వైట్‌నర్‌నీ థిన్నర్‌నీ నిషేధించారు. పంక్చర్ ట్యూబు జోలికి పోలేదు. గంజాయికి 1985 చట్టం ఉంది, దీనికి అదీ వర్తించదు. కొట్టువాడికి గిరాకీ, పిల్లాడికి లాకప్పు. 2015 బాలల న్యాయ చట్టం పిల్లల్ని లాకప్పులో పెట్టొద్దంది, దిక్కులేని బిడ్డని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలంది. ఆ ముక్క స్టేషన్ గోడ మీద రాయమని ఎస్సైని అడగండి.

సంఘాల అన్నలూ అక్కలూ, పదిమంది కలిసి సైకిల్ షాపులకీ కిరాణా కొట్లకీ వెళ్లండి. పిల్లలకి ట్యూబులు అమ్మొద్దని చెప్పండి. హాస్టల్ పిల్లాడి మూతి చుట్టూ పుండ్లు, చొక్కాకి ఆ వాసన ఉంటే చెయ్యెత్తకండి, వార్డెన్‌ని ఎత్తనివ్వకండి. మత్తులో ఉంటే గాలాడే చోట కూర్చోబెట్టి, నెమ్మదిగా మాట్లాడుతూ పక్కనే ఉండండి. పడిపోతే 108. ఆదుకునేవాళ్లు లేని బిడ్డయితే 1098. ఫోన్ చేసినవాళ్లు బండొచ్చేదాకా కదలొద్దు.