లాగిన్ ఉంటే చాలదు, హోదా అడగాలి

పాలకొల్లులో ఎవరైనా వార్డు సచివాలయానికి వెళ్లి ఆదాయ ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టుకుంటే, అది చాలా చేతులు మారుతుంది. వివరాలు ఎక్కించేది ఒకరు, విచారించేది మరొకరు, చివరికి డిజిటల్ సంతకం పెట్టాల్సింది తహశీల్దారు. 2019 అక్టోబరు 2న కరపలో ప్రారంభమైన సచివాలయ వ్యవస్థలో ఎవరి పని ఏమిటో స్పష్టంగానే రాసి ఉంది. కాగితం మీద ఉన్న ఆ గీతను వెనకనున్న సర్వరు కూడా పాటిస్తోందా అన్నదే అసలు ప్రశ్న.

తెర మీద మీట నొక్కగానే సర్వరుకు ఒక అభ్యర్థన వెళ్తుంది. దరఖాస్తు చూపించడానికి ఒక చిరునామా, ఆమోదించడానికి ఇంకొకటి. వీటినే ఎండ్‌పాయింట్లు అంటారు. వివరాలు ఎక్కించే ఆపరేటరు తెర మీద 'ఆమోదించు' మీట కనబడకుండా చేసి పని అయిపోయిందనుకునే డెవలపర్లు తక్కువేమీ కాదు. మీట దాగింది గానీ చిరునామా తెరిచే ఉంది. కాస్త తెలిసినవాడు నేరుగా దానికే అభ్యర్థన పంపగలడు. దరఖాస్తు చూపించే చిరునామా చివరనున్న 4512 అనే దరఖాస్తు సంఖ్యను 4513గా మారిస్తే పొరుగింటివారి ఆధార్, బ్యాంకు ఖాతా కళ్లముందుకు రావచ్చు. క్షీరారామ లింగేశ్వరుడి గాలిగోపురం దాటినవాళ్లందరికీ గర్భగుడిలోకి ప్రవేశం ఉండదు కదా. లాగిన్ కూడా గోపురం వరకే.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం ఏ పాస్‌వర్డూ లేకుండా కనిపించాయి. పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాకే అందరికీ తెలిసింది. మరుసటి ఏడాది అమెరికాలో ఫస్ట్ అమెరికన్ అనే సంస్థ సైటులో లింకులోని అంకె మారిస్తే చాలు, పరాయివాళ్ల ఆస్తి పత్రాలు తెరుచుకున్నాయి. అలా అందుబాటులో ఉన్న దస్తావేజులు దాదాపు 88.5 కోట్లు. వెబ్ భద్రతా లోపాల మీద ఓవాస్ప్ అనే సంస్థ 2021లో ఇచ్చిన జాబితాలో మొదటి స్థానం ఈ అనుమతుల లోపానిదే.

మందు కొత్తదేమీ కాదు. హోదాను బట్టి అనుమతి ఇచ్చే పద్ధతిని ఫెరైయోలో, కున్ అనే పరిశోధకులు 1992లోనే ప్రతిపాదించారు. అభ్యర్థన వచ్చిన ప్రతిసారీ సర్వరే హోదా చూడాలి, హోదా సరిపోకపోతే 'అనుమతి లేదు' అనే అర్థమున్న 403 కోడ్ చెప్పి తిప్పి పంపాలి. అనుమతి ఫలానావారికని రాయని ఎండ్‌పాయింట్ ఎవరికీ తెరుచుకోకూడదు. హోదాతో పాటు పరిధి కూడా చూడాలి: పాలకొల్లు కార్యదర్శికి నరసాపురం దరఖాస్తుతో పనేముంది? ఇంత చేసినా, అధికారి తన డిజిటల్ కీని ఆపరేటరు చేతికిచ్చేస్తే అన్నీ వృథా. ఆ అలవాటును ఏ కోడూ మాన్పించలేదు, పై అధికారులే మాన్పించాలి.

2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. జనానికి మేలే. అయితే ద్వారాలు పెరిగేకొద్దీ ముంగిట్లో చేసే తనిఖీకి విలువ తగ్గుతుంది, లోపలి తనిఖీయే దిక్కవుతుంది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం భద్రత పట్టించుకోని సంస్థకు రూ. 250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. ఆ డబ్బు పోయిన వివరాలను వెనక్కి తేదు. అందుకే కొత్త సేవ ఏది తెచ్చినా, ముందుగా ఒక్కో హోదా లాగిన్‌తో ప్రతి ఎండ్‌పాయింట్‌నూ పరీక్షించి, ఫలితాన్ని జనం ముందు పెట్టాలి. ఈ షరతును ప్రభుత్వం టెండరులోనే రాయాలి.