పాట ఆమెది... లెక్క కంపెనీది!

పొద్దున్నే స్కూలు బస్సు నడపడం. ఆ పని లేనప్పుడు వేరేవాళ్ల ఇళ్లలో ఊడ్చి తుడవడం. ఇద్దరు కొడుకుల్ని పెంచడానికి రూత్ బ్రౌన్ 1960ల్లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో చేసిన పనులివి. అంతకు పదేళ్ల ముందు అమెరికా నల్లజాతి పేటల్లో ఏ రేడియో పెట్టినా ఆమె గొంతే!

రూత్ 1928లో వర్జీనియా రాష్ట్రం, పోర్ట్స్‌మౌత్‌లో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో పెద్దది. నాన్న రేవులో కూలీ. చర్చిలో పాటల బృందాన్ని నడిపించేదీ ఆయనే. దేవుడి పాటలు తప్ప బ్లూస్ పాడితే ఒప్పుకునేవాడు కాదు. పదిహేడేళ్ల వయసులో రూత్, ట్రంపెట్ వాయించే జిమ్మీ బ్రౌన్‌తో ఇల్లు విడిచి వెళ్లిపోయింది.

1948లో న్యూయార్క్‌ నుంచి పిలుపొచ్చింది. ఆ సంబరంలో బయల్దేరితే దారిలో కారు ప్రమాదం. కాళ్లు విరిగి నెలల తరబడి ఆసుపత్రిలోనే! కొత్తగా పెట్టిన అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీతో ఒప్పందంమీద ఆ మంచంమీదే సంతకం పెట్టింది. 1949లో తొలి రికార్డుతోనే పేరు మోగిపోయింది. అప్పటిదాకా నల్లవాళ్ల సంగీతాన్ని ‘రేస్ రికార్డ్స్’ అంటూ విడిగా లెక్కేసిన బిల్‌బోర్డ్ పత్రిక, ఆ జాబితా పేరును ‘రిథమ్ అండ్ బ్లూస్’గా మార్చిందీ ఆ ఏడాదే.

1950లో రూత్ పాడిన ‘టియర్‌డ్రాప్స్ ఫ్రమ్ మై ఐస్’ ఆ జాబితాలో 11 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1954కల్లా అలాంటివి అయిదు. బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ పుణ్యమా అని న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియాన్ని ‘రూత్ కట్టిన ఇల్లు’ అనేవారు. అట్లాంటిక్‌కీ అదే పేరొచ్చింది. ఈసారి ఆ రూత్ మన గాయని!

మరి ఇల్లు కట్టిన మనిషి బస్సెందుకు నడిపినట్టు?

కిటుకంతా పద్దులో ఉంది. రికార్డు అమ్ముడైతే గాయనికి రాయల్టీ రావాలి. కానీ స్టూడియో అద్దె, వాద్యకారుల కూలి లాంటి ఖర్చులన్నీ ఆమె ఖాతాలోనే రాసేవారు. అవి తీరితేనే చేతికి పైసా. పాట ఎంత ఆడినా పుస్తకంలో బాకీ తరిగేది కాదు. షావుకారు దగ్గర రైతు పద్దు గుర్తొస్తోందా... ఇదీ అంతే. 1960ల మొదట్లో అట్లాంటిక్‌ని వదిలి వచ్చాక, పాత రికార్డులు మళ్లీ అచ్చై అమ్ముడైనా ఆమెకు దక్కింది శూన్యం.

1970ల్లో హాస్యనటుడు రెడ్ ఫాక్స్ చేయూతతో మళ్లీ వేదికెక్కింది. తర్వాత హోవెల్ బెగల్ అనే న్యాయవాది, ఆమె అభిమాని, ఆ లెక్కలు తిరగదోడాడు. ఏళ్ల తరబడి పోరాటం. 1988లో కంపెనీ దిగొచ్చింది. రూత్‌తోపాటు ముప్ఫైమందికి పైగా పాత కళాకారుల ఖాతాల్లోని బాకీలు కొట్టేసి, వెనకటి రాయల్టీలు చెల్లించింది. ‘రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్’ ఏర్పాటుకూ పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది.

ఆ మరుసటేడాదే బ్రాడ్‌వే నాటకం ‘బ్లాక్ అండ్ బ్లూ’కి రూత్ టోనీ అవార్డు అందుకుంది. 1990లో గ్రామీ, 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. 2006లో, 78వ ఏట కన్నుమూసింది.

బహుమతులు ఆమె గొంతుకి దక్కాయి. ఆ ఫౌండేషన్ డబ్బు మాత్రం వయసుడిగి, మందులు కొనుక్కోలేని ఎందరో తోటి గాయకుల దాకా వెళ్లింది. రూత్ కట్టిన రెండో ఇల్లు అది!