చక్రం తిరుగుతోంది సరే.. బండి కదులుతోందా?

రాత్రి పన్నెండున్నరకి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒకే రెజ్యూమెని ఒకే రోజు నలభై కంపెనీలకి పంపిన అనుభవం మీలో ఎంతమందికి ఉంది? నాకుంది. బీటెక్ అయ్యాక దాదాపు ఏడాది అదే పని. అమ్మ వచ్చి ‘ఇంకా పడుకోలేదా’ అంటే ‘అప్లై చేస్తున్నా’ అనేవాణ్ని. ఆ మాట చెప్తుంటే ఏదో కష్టపడుతున్నానన్న తృప్తి ఉండేది. రిప్లైలు మాత్రం రావు. రాకపోతే మర్నాడు నలభై కాదు, అరవై పంపేవాణ్ని.

అందులో తప్పేంటో నాకు ఏ కెరియర్ సెమినార్లోనూ అర్థం కాలేదు. కొన్నేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలో, ఓ ఇసుక దీవిలో కూరుకుపోయిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండి పక్కన నిలబడ్డప్పుడు అర్థమైంది. ట్రావెల్ కథ చెప్పి మిమ్మల్ని ఊరించడానికి కాదు ఇది. అక్కడ చూసిన ఒక్క విషయం ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకి పనికొస్తుందనిపించి రాస్తున్నా.

ఇసుకే రోడ్డు

క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, బ్రిస్బేన్‌కి ఉత్తరాన తీరాన్ని ఆనుకుని ఓ దీవి ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి అదే. పొడవు సుమారు 123 కిలోమీటర్లు. అంటే విజయవాడ నుంచి ఏలూరు వెళ్లి మళ్లీ తిరిగొచ్చినంత. చాలాకాలం ఫ్రేజర్ ఐలండ్ అన్నారు. 2023లో అధికారికంగా దాని అసలు పేరు దానికి తిరిగి ఇచ్చారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ముందు ‘కె’ ఉంటుంది కానీ అది పలకరు, ‘గరి’ అంటారు. వేల ఏళ్లుగా అక్కడివాళ్లైన బుచుల్లా ప్రజల భాషలో స్వర్గమని అర్థం. 1992 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద. గ్రేట్ శాండీ నేషనల్ పార్కులో భాగం.

చుట్టూ సముద్రం, కింద ఇసుక. అయినా మధ్యలో దట్టమైన వానకారు అడవి ఉంది. ఇసుక దిబ్బల మీద నిలిచిన మంచినీటి సరస్సులున్నాయి. ఒకప్పుడు అక్కడ కలప కొట్టారు, ఇసుక తవ్వి ఖనిజాలు తీశారు. జనం పోరాడితే 1970ల్లో ఇసుక తవ్వకం ఆగింది, 1990ల మొదట్లో కలప నరకడమూ ఆగింది. ఈ రోజు మనం చూసే స్వర్గం దానంతటదే మిగల్లేదు.

తూర్పు తీరం పొడవునా ఉన్న బీచే అక్కడ హైవే. పేరు సెవెంటీఫైవ్ మైల్ బీచ్. తారు ఉండదు. స్పీడ్ లిమిట్ మాత్రం ఉంటుంది, గంటకి 80 కిలోమీటర్లు. మామూలు రోడ్డు రూల్స్ అన్నీ వర్తిస్తాయి. కొన్నిచోట్ల చిన్న విమానాలు కూడా దిగుతాయి, వాటికి దారివ్వాలి. మామూలు కార్లు పనికిరావు, ఫోర్‌వీల్ డ్రైవ్ కావాల్సిందే. బండికి పర్మిట్, క్యాంపింగ్‌కి పర్మిట్ ముందే తీసుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యం టైడ్ టేబుల్. మాది నరసాపురం వైపు. చిన్నప్పుడు పడవలవాళ్లు పోటు చూసుకుని బయల్దేరడం చూశా. కానీ చదువుల్లో పడ్డాక ‘ఆటుపోట్లు’ అంటే ‘జీవితంలో ఆటుపోట్లు’ అని వ్యాసాల్లో రాసే మాటగానే మిగిలింది. అక్కడ అది గంటా నిమిషాలతో సహా టైమ్‌టేబుల్. పోటు తారస్థాయికి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా బీచ్‌లో బండి నడపొద్దంటారు. ఎందుకంటే అప్పుడు హైవే నీళ్లలో ఉంటుంది.

కూరుకుపోయాం

మేం నలుగురం. అందరం తెలుగువాళ్లమే, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లం. ఇద్దరికి ఉద్యోగాలున్నాయి, ఇద్దరికి లేవు. డబ్బులు పోగేసుకుని బండి అద్దెకి తీసుకున్నాం. ఇచ్చినాయన రెండే ముక్కలు చెప్పాడు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తీయండి. ఉప్పునీళ్లలోకి దింపితే ఇన్సూరెన్స్ రాదు, ఖర్చంతా మీదే.

రోడ్డు మీద టైర్లలో 38 పీఎస్ఐ ఉంది. ఇసుకలో 18, 20కి దించమన్నారు. మాకు ధైర్యం చాలక 30 దగ్గర ఆపేశాం. ‘మరీ సగానికి తీసేస్తే టైరు పోదూ?’ అన్నాడొకడు. అందరం ఇంజినీర్లమే. ఒక్కరమూ కారణం అడగలేదు, రాసిచ్చిన కాగితం చదవలేదు. డాక్యుమెంటేషన్ చదవకుండా కోడ్ రన్ చేసే అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇన్‌స్కిప్ పాయింట్ దగ్గర బార్జ్ ఎక్కి దీవిలో దిగాం. ఉదయం తడి ఇసుక గట్టిగా, సిమెంటు రోడ్డులా ఉంది. ఈలి క్రీక్‌లో స్నానాలు చేశాం. 1935లో తుపానుకి కొట్టుకొచ్చి ఒడ్డున తుప్పు పట్టిపోతున్న మహెనో ఓడ దగ్గర ఫొటోలు దిగాం. ఫొటోల్లో టైం తెలీలేదు. పోటు నీళ్లు రావడం మొదలైంది. అలల నుంచి తప్పించుకుందామని బండిని పైకి, మెత్తటి పొడి ఇసుకలోకి తిప్పాం. వంద మీటర్లు వెళ్లామో లేదో, ఆగిపోయింది.

నడిపేవాడు యాక్సిలరేటర్ తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. ఇంకా తొక్కాడు. ఇసుక వెనక్కి ఎగజిమ్మింది, ఇంజిన్ అరిచింది, బండి కొంచెం కిందికి దిగింది. ‘ఇంకొంచెం రా, వచ్చేస్తుంది’ అని మిగతా ముగ్గురం తోశాం. ఇరవై నిమిషాలు అదే తంతు. చివరికి బండి పొట్ట ఇసుకకి ఆనుకుంది. ఫోన్లో సిగ్నల్ లేదు. అలలు పది అడుగుల దూరంలోకి వచ్చాయి. నలుగురి మనసుల్లో ఒకటే లెక్క: ఆ బండి ఖరీదెంత, మా అందరి బ్యాంకు బ్యాలెన్స్ కలిపితే ఎంత.

గాలి తీసిన పెద్దావిడ

అటుగా అరవై దాటిన దంపతులు వచ్చి బండి ఆపారు. మేం తాడు కట్టి లాగమని అడిగాం. ఆవిడ తల అడ్డంగా ఊపి, జేబులోంచి ప్రెషర్ గేజ్ తీసి మా టైరుకి పెట్టింది. 30. మా వైపు చూసి నవ్వింది. తెలుగులో ‘గాలి తీసేయడం’ అంటే పరువు తీయడం కదా, ఆ క్షణంలో మాకు రెండూ జరిగాయి.

తర్వాతి పని చాలా నెమ్మదిగా జరిగింది. నాలుగు టైర్లనీ 16కి దించింది. ఆయన పారతో చక్రాల వెనకా, బండి పొట్ట కిందా ఇసుక తీయించాడు. పళ్లున్న రికవరీ బోర్డులు చక్రాల కింద పెట్టించాడు. ముందుకి కాదు, వచ్చిన దారిలోనే వెనక్కి రమ్మన్నాడు. యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా. పాతిక నిమిషాలకి బండి బయటపడింది. కూరుకుపోయిన బండిని ముందే తాడుతో లాగితే ఏమవుతుందో అప్పుడు చెప్పాడు. తాడో కొక్కెమో తెగిందంటే తూటాలా వచ్చి మనిషిని చంపేయగలదట.

ఇందులో సైన్స్ సింపుల్. గాలి తగ్గితే టైరు నేలకి ఆనే భాగం పొడవు పెరుగుతుంది. బరువు ఎక్కువ జాగాలో పంచుకుంటుంది, బండి ఇసుక మీద తేలినట్టు వెళ్తుంది. గాలి నిండుగా ఉన్న టైరు గిర్రున తిరిగితే అది చక్రం కాదు, గొయ్యి తవ్వే మిషన్. మేం ఎంత కష్టపడితే అంత లోతుకి వెళ్లాం. మాలో కష్టపడనివాడు లేడు, లోపం అక్కడ లేదు.

ఆ రాత్రి చెప్పిన మాట

డన్‌డుబరా క్యాంపులో టెంట్లు వేసుకున్నాం. అక్కడ డింగోలు తిరుగుతాయి, బుచుల్లా భాషలో వోంగరి. అందుకే క్యాంపు చుట్టూ కంచె. తిండి, చెత్త, ఆఖరికి టూత్‌పేస్ట్ కూడా బండిలో పెట్టి లాక్ చేయాలి. వాటికి తిండి పెట్టడం నేరం. ఒకసారి మనిషి చేతి తిండి మరిగితే అవి మనుషులంటే భయం పోగొట్టుకుంటాయి, చివరికి ప్రాణం పోయేది వాటికే.

ఫోన్లు పనిచేయవు కాబట్టి మాట్లాడుకోవడం తప్ప వేరే పని లేదు. అప్పుడు మాలో ఒకడు అన్నాడు: ‘ఇంట్లో ఇంకా చెప్పలేదురా.’ కోర్సు అయి ఎనిమిది నెలలు. ఉద్యోగం వచ్చిందని నాన్నకి చెప్పేశాడు. నిజానికి రాత్రిళ్లు సూపర్‌మార్కెట్లో సరుకులు సర్దుతున్నాడు. పగలు ఇరవై అప్లికేషన్లు. లోన్ కట్టే తేదీ దగ్గరపడ్డప్పుడల్లా ముప్ఫై. ‘ఇంకేం చేయాలో తెలీట్లేదు’ అన్నాడు.

మర్నాడు పొద్దున బండి బానెట్ మీద వాడి రెజ్యూమె పెట్టుకుని కూర్చున్నాం. నాలుగు పేజీలు. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, కింద ‘పైన చెప్పినవన్నీ నిజమని..’ అంటూ డిక్లరేషన్. ఆస్ట్రేలియాలో ఇవేవీ మామూలుగా పెట్టరు. స్కిల్స్ దగ్గర ఇరవై రెండు టెక్నాలజీలు. ‘వీటిలో ఎన్నింటి మీద పావుగంట మాట్లాడగలవు?’ అని అడిగా. చాలాసేపు ఆలోచించి ‘ఐదు’ అన్నాడు. మిగతా పదిహేడూ గాలే.

నా అభిప్రాయం ఇదీ

‘అప్లై చేస్తూనే ఉండు, ఏదో ఒకటి తగుల్తుంది’ అనే సలహా మనకి అందరూ ఇస్తారు. సీనియర్లు, బంధువులు, యూట్యూబ్ గురువులు. ఆ సలహాతో నాకు పేచీ ఉంది. అది గట్టినేల మీద పనిచేస్తుంది. మెత్తటి ఇసుకలో అదే మనల్ని పూడ్చేస్తుంది. అదే ఇన్‌పుట్‌తో ప్రోగ్రాం వందసార్లు రన్ చేసి వేరే అవుట్‌పుట్ రావాలని మనం ఆశించం కదా. మరి రెజ్యూమె విషయంలో ఎందుకు ఆశిస్తున్నాం?

ముందు ఆగండి. ఒక వారం అప్లికేషన్లు బంద్ చేస్తే ప్రపంచం మునిగిపోదు. తర్వాత గేజ్ పెట్టండి. గత రెండు నెలల్లో పంపినవన్నీ ఒక షీట్లో రాయండి. ఎక్కడా కాల్ రాలేదా? లోపం రెజ్యూమెలోనో, మీరు ఎంచుకుంటున్న ఉద్యోగాల్లోనో ఉంది. టెస్ట్ దాకా వెళ్లి ఆగుతున్నారా? ప్రాక్టీసు చాలట్లేదు. ఇంటర్వ్యూలో పోతోందా? చెప్పే తీరు చూసుకోవాలి. మూడింటికి మందు ఒకటి కాదు. ఆపైన గాలి తీయండి. మీరు నిలబడి మాట్లాడలేని ప్రతి పదం తీసేయండి. వెనక్కి రావడం సిగ్గు కాదు. ఎప్పుడో ఒక ఇంటర్న్‌షిప్పో, మినీ ప్రాజెక్టో బాగా చేసి ఉంటారు, అక్కడి నుంచి దారి మళ్లీ మొదలుపెట్టండి. ఆఖరిది అన్నింటికన్నా కష్టం. ఇరుక్కున్నామని ఎవరికైనా చెప్పండి. మేం చెయ్యి ఊపకపోతే ఆ దంపతులు ఆగేవారే కాదేమో.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ దీవిలో పోటు ఎప్పుడొస్తుందో ముందే అచ్చేసి ఇస్తారు. జాబ్ మార్కెట్‌కి అలాంటి టేబుల్ లేదు. అన్నీ సరిగ్గా చేసినా ఉద్యోగం రాని రోజులుంటాయి, అందులో మీ తప్పేమీ ఉండదు. అలాగే, అలాంటి ట్రిప్పులు అందరికీ అందవనీ తెలుసు. నలుగురం నెలల తరబడి దాచిన డబ్బు అది. మీరు ఆస్ట్రేలియా వెళ్లక్కర్లేదు. రీల్స్ కోసం మన బీచుల్లోకి థార్ దింపి అలల్లో ఇరుక్కున్నవాళ్ల వీడియోలు చూసే ఉంటారు. ఈసారి నవ్వేముందు డ్రైవర్ కాలు ఎక్కడుందో చూడండి. యాక్సిలరేటర్ మీదే ఉంటుంది.

మా వాడికి వెంటనే ఉద్యోగం వచ్చేసిందని రాస్తే బాగుండేది, కానీ రాలేదు. ఇప్పుడు వారానికి ఐదారే పంపుతున్నాడు, ఏ కంపెనీకి తగ్గట్టు ఆ కంపెనీకి మార్చి. జవాబులు మాత్రం రావడం మొదలైంది.

నాకు ఎక్కువ గుర్తున్నది వేరే. తిరుగు ప్రయాణంలో బార్జ్ దిగగానే ఫోన్లకి సిగ్నల్ వచ్చింది. వాడు కొంచెం దూరంగా వెళ్లి నాన్నకి ఫోన్ చేశాడు. పావుగంట మాట్లాడాడు. ఏం మాట్లాడాడో మేం అడగలేదు. తిరిగొచ్చి, ఏమీ అనకుండా కంప్రెసర్ తీసి టైర్లకి గాలి పట్టడం మొదలుపెట్టాడు. తారు రోడ్డు ఎక్కాలంటే మళ్లీ 38 ఉండాలి కదా.