తల్లి చదవగలిగే ప్రాజెక్టు

జర్మనీలోని ద్విభాషా పాఠశాలల విజయాలను బహుమతులతో, మార్కులతో కొలుస్తుంటారు. నేను అడిగేది వేరు: ఆడపిల్ల చేసిన ప్రాజెక్టును ఆమె తల్లి చదవగలుగుతోందా?

1961 ఒప్పందంతో టర్కీ నుండి జర్మనీ ఫ్యాక్టరీలకు వచ్చిన కార్మికుల్లో స్త్రీలూ ఎందరో. వారి శ్రమను తీసుకున్న సమాజం వారి భాషను చాలాకాలం పిల్లల చదువుకు ఆటంకంగానే చూసింది. బెర్లిన్‌లో 1992లో మొదలైన యూరోపా పాఠశాలలది వేరే దారి. ఇవి ఫీజు లేని ప్రభుత్వ బడులు. జర్మన్‌తో సమానంగా మరో భాషలోనూ పాఠాలు చెబుతారు. ఆ భాషల్లో టర్కిష్ కూడా ఉంది.

తల్లి భాషకు తరగతిలో స్థానం దక్కితే, బడికి వచ్చిన తల్లి తన మాట తనే చెప్పుకుంటుంది. కూతురు దుబాసీగా నిలబడనక్కరలేదు. ఫీజు కట్టగలవారికే ఈ చదువు దొరికితే దాన్ని ఎదుగుదల అని నేను ఒప్పుకోను.