రాసుకోవడానికి ఏ నోటుబుక్కు మంచిది?

ప్రశ్న: డాక్టరుగారూ! నా వయసు 47 సంవత్సరాలు. రెండేళ్ళుగా రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాను. ఒకరోజు 130 ఉంటుంది, మరొకరోజు 160 చూపిస్తుంది. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే మళ్ళీ తెల్లవారేదాకా నిద్ర పట్టదు. ఇంట్లోనే రోజూ కొలిచి, రాసి తీసుకురమ్మన్నారు మా డాక్టరుగారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయేమో “అంకెలే కాదమ్మా, మనసులో ఉన్నది కూడా రాసుకో, తేలికపడతావు” అంటోంది. షాపుకు వెళితే మామూలు రూళ్ళ నోటుబుక్కు ఒకటి, దళసరి కాగితంతో, గీతలకు బదులు సన్నని చుక్కలున్న పుస్తకం ఒకటి చూపించారు. రెండోదాని ఖరీదు మొదటిదానికి ఆరు రెట్లు. మావారు “పచారీ పద్దుల పుస్తకం చాలదా?” అని నవ్వుతున్నారు. ఏది కొనమంటారు? ఇంకొక సంగతి. ఎవరితోనూ చెప్పుకోలేని బాధ ఒకటి నాకుంది. రాస్తే నిజంగా తగ్గుతుందా? రాసినది ఇంట్లో ఎవరైనా చదివితే నా గతేమిటి?

— పేరు ప్రకటించవద్దన్న పాఠకురాలు, తెనాలి

జవాబు: నోటుబుక్కు గురించి డాక్టరును అడగడమేమిటని నవ్వేవాళ్ళు ఉంటారు. నేను మాత్రం నవ్వను. రక్తపోటు అంకెలను క్యాలెండరు కాగితం వెనుక, మందుల చీటీ అంచున, కరెంటు బిల్లు మీద రాసుకొచ్చేవాళ్ళను రోజూ చూస్తుంటాను. ఏ అంకె ఏ రోజుదో, పొద్దుటిదో సాయంత్రానిదో వాళ్ళకే గుర్తుండదు. అటువంటి చీటీలను నమ్మి ఏ డాక్టరూ మందు పెంచలేడు, తగ్గించలేడు.

రాయడం వల్ల ఏం తెలుస్తుంది?

ఆమధ్య ఒక టీచరుగారు తలనొప్పితో వచ్చేవారు. తలకు స్కానింగు తీయించాలని ఆవిడ పట్టుదల. పరీక్ష చేసి చూస్తే నాకు ఆ అవసరం కనిపించలేదు. నొప్పి వచ్చిన రోజున ఒక గుర్తు పెట్టుకుంటూ నెలరోజుల తరువాత రమ్మన్నాను. వచ్చారు. ఏడు గుర్తులున్నాయి. వాటిలో నాలుగు శనివారాలు. ఆవిడ శనివారం ఒంటిపూట ఉంటారు, పొద్దుటి కాఫీ కూడా మానేస్తారు. ఆకలికి తలనొప్పి వస్తుంది, రోజూ తాగే కాఫీ ఉన్నట్టుండి మానినా వస్తుంది. మిగతా మూడు గుర్తులు నెలసరి ముందు రోజులు. ఏడాదిగా నోటితో చెబుతున్నప్పుడు మా ఇద్దరికీ తట్టని విషయం ఒక్క పేజీలో కనిపించింది.

మీ విషయంలోనూ అంతే. 130, 160 అన్నారు. ఆ 160 మెట్లెక్కి వచ్చి ఆయాసంతో చూసుకున్నదా, నిద్రలేని రాత్రి తరువాత వచ్చిందా, మాత్ర మరచిపోయిన రోజుదా? అది తేలాలి.

చుక్కల పుస్తకం ఎందుకు?

మీకు ముగ్గు వేయడం వచ్చు కనుక సులభంగా అర్థమవుతుంది. ముందు చుక్కలు పెట్టుకుంటే ముగ్గు వంకర పోదు. ముగ్గు పూర్తయ్యాక చుక్కలు కంటికి అడ్డం రావు. ఈ పుస్తకంలో పని కూడా అదే. గీత గీయాలంటే స్కేలు అక్కరలేదు. పట్టీ వేసుకోవచ్చు, మాటలు రాసుకోవచ్చు, బొమ్మ వేసుకోవచ్చు.

సాధారణంగా చుక్కకూ చుక్కకూ మధ్య 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎక్కువగా దొరికే ఏ5 సైజు పుస్తకం 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని అడ్డంగా తిప్పి పట్టుకుంటే నెలలోని 31 రోజులూ ఒకే వరుసలో పడతాయి. కింద తేదీలు వేయండి. ఎడమ పక్కన 60తో మొదలుపెట్టి చుక్కకు 10 చొప్పున 180 దాకా అంకెలు వేయండి. దీనికి 6 సెంటీమీటర్ల ఎత్తు చాలు. ప్రతిరోజూ పై అంకె దగ్గర ఒక గుర్తు, కింది అంకె దగ్గర ఒక గుర్తు పెట్టి రెండింటినీ కలపండి. పొద్దుటిది నల్లసిరాతో, సాయంత్రానిది ఎర్రసిరాతో గీస్తే కలిసిపోవు. ఆ ఒక్క పేజీ చూసి మీ డాక్టరుగారు అర నిమిషంలో సంగతి గ్రహిస్తారు.

కాగితం ఎంత దళసరిగా ఉండాలి?

అట్ట మీద జీ.ఎస్.ఎం. అని ఒక అంకె ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. పిల్లల స్కూలు నోటుబుక్కుల్లో చాలావరకు 60కి అటూ ఇటూ ఉంటుంది. జెరాక్సు కాగితం 70 నుంచి 80. దళసరి పుస్తకాలు 100 నుంచి 160 దాకా వస్తున్నాయి.

దీనికీ ఆరోగ్యానికీ సంబంధం ఉంది. బాల్‌పెన్నును నొక్కి రాయాలి. బొటనవేలి మొదట్లో నొప్పి, వేళ్ళ కీళ్ళవాపు ఉన్నవాళ్ళకు పది వరుసలు రాసేసరికి చెయ్యి లాగుతుంది. ఇంకుపెన్నుగానీ జెల్‌పెన్నుగానీ ఒత్తకుండానే జారుతుంది. పెన్ను కాస్త లావుగా ఉంటే పట్టు మరీ సుఖం. అయితే పలచని కాగితం మీద ఇంకు పాకుతుంది, రెండోవైపుకు దిగుతుంది. శుక్లాలు మొదలవుతున్న కళ్ళకు అవతలి పక్క అక్షరాలు కూడా కలిసి కనిపిస్తే చదవడం కష్టం. అందుకని ఇంకుపెన్నుతో రాసేవారికి 100 జీ.ఎస్.ఎం. కాగితం మంచిదంటాను.

అంతకుమించి మరీ దళసరి అక్కరలేదు. లెక్క చూడండి. 160 జీ.ఎస్.ఎం. కాగితమైతే ఏ5 సైజు పుస్తకంలో ఒక్కొక్క ఆకు 5 గ్రాములు. 80 ఆకులకు, అట్ట కాకుండానే, 400 గ్రాములు. అదే 100 జీ.ఎస్.ఎం. అయితే 250 గ్రాములే. మంచం మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని రాసేవారికి ఆ తేడా మణికట్టుకు తెలుస్తుంది. 160 జీ.ఎస్.ఎం. రంగులు వేసేవాళ్ళకూ స్కెచ్‌పెన్నులు వాడేవాళ్ళకూ పనికివస్తుంది.

షాపులో మూడు పరీక్షలు చేయండి. ఒకటి, పుస్తకాన్ని మధ్యకు తెరిచి బల్ల మీద పెట్టండి. చేత్తో అదిమిపెట్టకుండా పరుచుకుని ఉండాలి. దారంతో కుట్టినవీ, స్ప్రింగు బైండింగువీ అలా ఉంటాయి. జిగురుతో అంటించినవి తరచు మూసుకుపోతాయి. రెండు, చుక్కలను మీరు రాసుకునే దూరంలో పెట్టుకుని చూడండి. మరీ లేత బూడిదరంగైతే రాత్రి దీపం వెలుతురులో మీ వయసు కళ్ళకు కనబడవు. మరీ నల్లగా ఉంటే అక్షరాలకు అడ్డం వస్తాయి. మూడు, మీరు వాడే పెన్నునే వెంట తీసుకువెళ్ళండి. షాపువారు ఒప్పుకుంటే చివరి పేజీలో ఒక మాట రాసి, ఆకు తిప్పి చూడండి.

అంత డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే పిల్లలు లెక్కలు చేసుకునే గళ్ళ నోటుబుక్కు కొనండి. బాల్‌పెన్నుతో రాసేవారికి అంకెల పని అందులోనూ చక్కగా సాగుతుంది. పచారీ పద్దుల పుస్తకంలో మాత్రం వద్దు. అది పదిమంది చేతుల్లో తిరిగేది.

మనసులోది రాస్తే తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది, అందరికీ కాదు. అమెరికాలో పెనబేకర్, బీల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 46 మంది కాలేజీ విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించి, ఫలితాలను 1986లో ప్రచురించారు. కొందరు మామూలు సంగతులు రాశారు. కొందరు తమ జీవితంలో బాగా బాధపెట్టిన ఘటనను రాశారు. జరిగినదీ, దానివల్ల తమకు కలిగిన బాధా రెండూ రాసినవారు రాసిన వెంటనే మరింత దిగులు పడ్డారు. కాని తరువాతి ఆరు నెలల్లో వాళ్ళు జబ్బుచేసి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఆ తరువాత ఇటువంటి పరిశోధనలు చాలా జరిగాయి. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూస్తే, మేలు ఉన్నమాట నిజమే గాని అది చిన్నదేనని తేలింది. కనుక రాతను మాత్రకు బదులుగా అనుకోకండి. మాత్రతోపాటు అనుకోండి.

నిద్ర సంగతి కూడా చెబుతాను. 2018లో వెలువడిన మరొక అమెరికా పరిశోధనలో 57 మంది యువతీయువకులు పడుకునేముందు 5 నిమిషాలు రాశారు. అయిపోయిన పనులు రాసినవారికన్నా రేపు చేయవలసిన పనులు రాసినవారు సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. మీది నడిరాత్రి మెలకువ కనుక ఫలితం అంతే ఉంటుందని చెప్పలేను. ఖర్చులేని పనే కనుక చేసి చూడండి.

దానికన్నా ముఖ్యం, మెలకువ ఎందుకు వచ్చిందో రాయడం. మూత్రానికి లేచారా? కొన్ని రక్తపోటు మాత్రలు మూత్రం ఎక్కువ చేస్తాయి. వాటిని ఏ వేళకు వేసుకోవాలో మీ డాక్టరుగారు చెబుతారు. ఒళ్ళంతా వేడెక్కి చెమటలు పట్టాయా? మీ వయసులో ముట్లుడిగే ముందు అలా జరుగుతుంది. గురక పెడుతున్నారని, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందని మీవారు అంటున్నారా? ఆ జబ్బు నిద్రనూ చెడగొడుతుంది, రక్తపోటునూ పెంచుతుంది. ఏ కారణమూ లేకుండా దిగులుతో మెలకువ వస్తోందా? అదీ రాయండి. ఒక్కొక్కదానికి వైద్యం వేరు.

ఎవరైనా చదివితే?

మీ భయం అర్థమైంది. పుస్తకాన్ని రెండు వైపులనుంచి వాడండి. ముందునుంచి అంకెలు, మాత్రలు, నిద్ర. ఇది డాక్టరుకు, ఇంట్లోవాళ్ళకు చూపించేది. మనసులో మాటకు మాత్రం పుస్తకం వద్దు. విడి కాగితాలు తీసుకోండి. ఎవరికీ చెప్పనిది వాటి మీద రాయండి. అక్షరదోషాలు చూడవద్దు, కొట్టివేతలు లెక్కపెట్టవద్దు. రాయడం అయ్యాక చింపి పొయ్యిలో వేయండి. దాచుకోవలసిన అవసరం లేదు. మేలు చేసేది రాయడమే. పుస్తకం వెనుకవైపు పేజీల్లో ఎవరు చూసినా ఫరవాలేని చిన్న చిన్న సంతోషాలు, రేపటి పనులు రాసుకోండి.

పడుకోబోయే ముందు బాధను తవ్వుకోవద్దు. దానికి సాయంత్రం పావుగంట చాలు. నాలుగైదు రోజులు రాసినా అదే మాట తిరిగి తిరిగి వస్తూ, గుండె మరింత బరువెక్కుతుంటే రాయడం ఆపేయండి. అప్పుడు ఆ బాధను కాగితానికి కాదు, మనిషికి చెప్పాలి. మీ డాక్టరుకు చెప్పండి, మానసిక వైద్యులకు చెప్పండి. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నా, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తున్నా ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

రక్తపోటు ఎలా కొలవాలి?

కాఫీ తాగి అరగంటైనా గడవాలి. మూత్ర విసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. గుర్తు పెట్టేటప్పుడు రెండింటి సగటు పెట్టండి. పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్ళీ సాయంత్రం కొలవాలి. డాక్టరును చూడబోయే ముందు వారం రోజులైనా ఇలా చేయండి. ఇంటి కొలతల సగటు 135/85, లేదా అంతకు మించి ఉంటే ఎక్కువన్నట్టే. ఒక్కరోజు అంకె చూసి మాత్ర మీరే పెంచుకోవడం, మానేయడం చేయకండి. 180/120 దాటి, దానితోపాటు గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, కాలోచెయ్యో పట్టుతప్పడం ఉంటే పుస్తకం పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చివరగా ఒక సంగతి. ఒక పెద్దాయన అందమైన దళసరి పుస్తకం చేతపట్టుకుని నా దగ్గరకు వచ్చారు. కొడుకు పంపాడట. తెరిచి చూస్తే అన్నీ తెల్ల పేజీలే. “ఇంత మంచి పుస్తకం పాడుచేయబుద్ధి కాలేదండీ” అన్నారు. ఆయన పెన్నే తీసుకుని, అప్పుడే కొలిచిన రక్తపోటును మొదటి పేజీలో నా కోడిగీతల రాతతో రాసిచ్చాను. పుస్తకం ఎటూ పాడైపోయింది కదా! మరునాటినుంచి ఆయనే రాయడం మొదలుపెట్టారు.

మీరు చుక్కల పుస్తకమే కొనుక్కోండమ్మా. ఏళ్ళ తరబడి మాత్రలకయ్యే ఖర్చులో దాని ఖరీదు ఒక లెక్క కాదు. కాని తెచ్చిన రోజునే, కొట్టివేతతోనైనా సరే, మొదటి పేజీ రాసేయండి. నెల తిరిగాక పట్టుకెళ్ళి మీ డాక్టరుగారి బల్ల మీద పెట్టండి.